జమిడిక

జమిడిక తెలంగాణ పల్లెలలో బైండ్లవారు వాయించే ఒక జానపద వాద్యము. చూడడానికి చిన్న డోలు వలె ఉన్నా ఇది మీటి వాయించే తంత్రీ వాద్యము. ఒక చర్మపు మూత మధ్యనుండి బయలుదేరిన ఒకే ఒక తంతిని ఎడమచేతితో లాగి పట్టుకొని, కుడిచేతితో మీటుతూ, ఆ తంతి బిగువును హెచ్చించి తగ్గించి శ్రుతిని మార్చడం దీని ప్రత్యేకత. ఎల్లమ్మ, పోచమ్మ మొదలైన గ్రామదేవతల కొలుపులలోను, రాత్రంతా సాగే ఎల్లమ్మ కథా గానంలోను ఇది ప్రధాన వాద్యము. పూర్వపు కరీంనగర్, వరంగల్, నల్గొండ, మెదక్ జిల్లాలలో దీని వాడుక ఎక్కువగా ఉండేది. ఆదిలాబాదు జిల్లాలో తెలుగు గ్రామాల వరకు ఇది కనిపిస్తుంది. అక్కడి గోండు గూడేలలో దీని స్థానాన్ని కమానుతో వాయించే కిక్రి ఆక్రమించింది.

పేరు

ఈ వాద్యానికి ప్రాంతాన్ని బట్టి జమిడిక, జమిడికె, జమలిక, జవనిక అనే పేర్లు ఉన్నాయి. ఉత్తరాంధ్రలోని శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాలలో ఇదే జాతి వాద్యాన్ని జముకు అని, దానితో చెప్పే కథను జముకుల కథ అని అంటారు. వాయించేవారిని తెలంగాణలో బైండ్లవారు, బవనీలవారు అని పిలుస్తారు. భవాని అనే అమ్మవారి పేరునుండి బవనీలు అనే మాట వచ్చిందని ఆ కులంవారు చెప్పుకొంటారు. పల్లెల్లో "జమిడికాయన వచ్చిండు" అంటే వాద్యకారుడు వచ్చాడని మాత్రమే కాదు, అమ్మవారి పని మొదలయిందని కూడా అర్థము.

నిర్మాణం

జమిడిక శరీరము గుండ్రని గొట్టము. దానిని కొయ్యను తొలిచి గాని, ఇత్తడి వంటి లోహపు పాత్రతో గాని తయారు చేస్తారు. చంకలో ఇమిడే పరిమాణంలో ఉంటుంది. గొట్టానికి ఒకవైపు మేకతోలు మూస్తారు, రెండవ వైపు తెరచి ఉంచుతారు. తోలు మధ్యలో సన్నని రంధ్రము చేసి అందులోనుండి తంతిని పోనిస్తారు. తంతి లాగినప్పుడు తోలు చిరిగిపోకుండా రంధ్రము దగ్గర ఒక చిన్న బిళ్ళను అడ్డుగా పెట్టి ముడి వేస్తారు. తంతి రెండవ కొన చేతిలో పట్టుకొనడానికి వీలైన ఒక పిడికి కట్టబడి ఉంటుంది.

పూర్వము తంతిగా జంతువుల నరాన్ని వాడేవారు. తరువాతి కాలంలో లోహపు తీగ, నైలాను దారము వాడుకలోకి వచ్చాయి. నరపు తంతి నాదము మందంగా, బొంగురుగా ఉంటుంది. లోహపు తీగ నాదము పదునుగా వినిపిస్తుంది. మీటడానికి చిన్న చెక్కముక్కను వాడతారు.

ఇందులో వీణకు ఉన్నట్లు మెట్లు లేవు, తంబురకు ఉన్నట్లు గుర్రము లేదు, శ్రుతి బిగించడానికి బిరడాలు లేవు. బిరడా చేయవలసిన పనిని వాద్యకారుని ఎడమచేయి చేస్తుంది. వర్షాకాలంలో తోలు తేమకు సడలిపోతుంది కాబట్టి వాయించే ముందు మంట దగ్గర కాచి బిగువు తెప్పించడం అవసరమవుతుంది. ఈ విషయంలో డప్పుకు, జమిడికకు తేడా లేదు.

వాయించే పద్ధతి

వాద్యకారుడు గొట్టాన్ని ఎడమ చంకలో ఇరికించుకొంటాడు. ఎడమచేతి పిడికిట పిడిని పట్టి తంతిని ముందుకు లాగి ఉంచుతాడు. కుడిచేతితో తంతిని మీటుతాడు. పిడిని గట్టిగా లాగితే శ్రుతి పైకి పోతుంది, వదులు చేస్తే కిందికి దిగుతుంది. మీటిన తరువాత నాదము ఇంకా మోగుతుండగానే పిడిని లాగితే ఒక స్వరంనుండి మరొక స్వరానికి తెగిపోకుండా జారే ధ్వని వస్తుంది. శాస్త్రీయ సంగీతంలో జారు అనే గమకానికి ఇది దగ్గరగా ఉంటుంది. అయితే జమిడికలో ఇది అలంకారము కాదు, వాద్యపు సహజ స్వభావమే అది.

ఈ కారణంగా జమిడిక ఒకేసారి రెండు పనులు చేస్తుంది. మీటు వలన లయ వస్తుంది, లాగుడు వలన స్వరము వస్తుంది. కథకుడు వచనము చెప్పేటప్పుడు వాద్యకారుడు మీటులను పలచగా వేస్తాడు. పాట అందుకోగానే లయ దట్టమవుతుంది. కథలో ప్రశ్న వచ్చిన చోట తంతిని పైకి లాగి వదలడం, ఏడుపు వచ్చిన చోట కిందికి జార్చడం వంటివి అనుభవజ్ఞులైన వాద్యకారులు చేస్తారు. మనిషి మాటలో ఉండే ఎత్తుపల్లాలను అనుసరించగల వాద్యాలు తక్కువ. జమిడిక మాట్లాడుతుందని పల్లె జనం అనడానికి ఆధారము ఇదే. కథకుడు చెప్పిన మాటకు అది ఊకొట్టినట్లు, ఒక్కొక్కసారి ఎదురు చెప్పినట్లు కూడా వినిపిస్తుంది.

తంత్రీ వాద్యమా, చర్మ వాద్యమా?

భరతుని నాట్యశాస్త్రము వాద్యాలను తతము, అవనద్ధము, ఘనము, సుషిరము అని నాలుగు తెగలుగా విభజించింది. తతము అంటే తంతులు కలది, అవనద్ధము అంటే చర్మముతో మూయబడినది. జమిడికలో రెండూ ఉన్నాయి కాబట్టి దానిని ఏ తెగలో చేర్చాలన్నది చిక్కు ప్రశ్న. 1914లో ఎరిక్ ఫాన్ హార్న్‌బోస్టెల్, కుర్ట్ సాక్స్ అనే పండితులు ప్రపంచ వాద్యాలన్నిటికీ ఒక వర్గీకరణను ప్రతిపాదించినప్పుడు ఇటువంటి భారతీయ వాద్యాలకు "మీటే డోళ్ళు" అని ఒక ప్రత్యేక శాఖను ఏర్పరచి చర్మ వాద్యాలలో చేర్చారు. తంతి తన కంపనాన్ని చర్మానికి అందిస్తుందే తప్ప దానికి స్వతంత్రమైన నాదము లేదని వారి అభిప్రాయము.

ఈ అభిప్రాయాన్ని తరువాతి పరిశోధకులు అంగీకరించలేదు. కేంబ్రిడ్జి పండితుడు లారెన్స్ పికెన్, ఆయన సహచరులు బెంగాలులోని గోపీయంత్రము, ఆనందలహరి అనే ఇదే జాతి వాద్యాలను పరిశీలించి 1981లో ప్రచురించిన వ్యాసాలలో ఇవి నిజానికి తంత్రీ వాద్యాలేనని చూపించారు. వారు ఎత్తి చూపిన భౌతిక ధర్మము ఆసక్తికరమైనది.

వీణలో తంతి గుర్రము మీదుగా పోతుంది, పలక దాని పక్కన ఉంటుంది. జమిడికలో తంతి చర్మానికి నిలువుగా నాటుకొని ఉంటుంది. మీటినప్పుడు తంతి ఒక పక్కకు వంగి, మధ్యకు వచ్చి, రెండవ పక్కకు వంగి, తిరిగి మధ్యకు చేరుతుంది. ఇది ఒక కంపనము. తంతి ఏ పక్కకు వంగినా దాని బిగువు కొద్దిగా పెరుగుతుంది, చర్మాన్ని తనవైపు లాగుతుంది. అంటే తంతి ఒక్కసారి ఊగే లోపల చర్మము రెండుసార్లు లాగబడుతుంది. తంతి సెకనుకు 100 సార్లు కంపిస్తే చర్మము సెకనుకు 200 సార్లు కంపిస్తుంది. చెవికి వినిపించే శ్రుతి తంతి శ్రుతికంటే ఒక స్థాయి పైన ఉంటుంది. మోగేది చర్మమే, కాని ఏ శ్రుతిలో మోగాలో నిర్ణయించేది తంతి.

పిడిని లాగేటప్పుడు చేతికి పడే శ్రమ కూడా ఈ లెక్కలోనిదే. తంతి పొడవు మారకుండా ఉంటే దాని శ్రుతి బిగువు యొక్క వర్గమూలాన్ని అనుసరిస్తుంది. ఒక స్థాయి పైకి పోవాలంటే, అనగా కంపనాల సంఖ్య రెట్టింపు కావాలంటే, బిగువు నాలుగు రెట్లు కావాలి. ఒక గంట కాదు, ఒక రాత్రంతా ఇలా లాగుతూ వదులుతూ ఉండడానికి ఎడమచేతికి ఎంత సాధన కావాలో దీనినిబట్టి ఊహించవచ్చు. ఏ స్వరానికి ఎంత లాగాలో చూపే గుర్తు వాద్యము మీద ఎక్కడా ఉండదు. అది చేతికి, చెవికి మాత్రమే తెలిసిన విద్య. అందువలన జమిడికను పుస్తకము చూసి నేర్చుకొనడం సాధ్యము కాదు, తండ్రి పక్కన కూర్చొని నేర్చుకోవలసినదే.

బైండ్లవారు

బైండ్లవారు గ్రామదేవతల పూజారులు, కథకులు, వాద్యకారులు. షెడ్యూల్డు కులాల జాబితాలో ఈ కులము పేరు "బిండ్ల" అని నమోదయింది. తెలంగాణలో వీరికి మాదిగలతో సన్నిహిత సంబంధము ఉంది. ఆంధ్ర ప్రాంతంలో ఇటువంటి వృత్తి చేసేవారిలో మాలలతో సంబంధము కలవారు కూడా ఉన్నారు. ఎడ్గార్ థర్‌స్టన్ 1909లో ఏడు సంపుటాలుగా వెలువరించిన దక్షిణ భారత కులాలు, తెగల గ్రంథంలో బైనేడు, అసాది, పంబల అనే పేర్లతో ఈ రకపు దేవతా పూజక కులాలను వేరువేరుగా పేర్కొన్నాడు. మద్రాసు బిషప్పు హెన్రీ వైట్‌హెడ్ గ్రామదేవతలపై వ్రాసిన పుస్తకము 1916లో వెలువడింది. గ్రామదేవతల జాతరలలో అసాదుల పాత్ర అందులో కనిపిస్తుంది. ఇద్దరి దృష్టి జాతర తంతుమీద, బలుల మీద నిలిచినంతగా సంగీతము మీద నిలువలేదు.

కొలుపు సమయంలో బైండ్లవారు చేసే పనులు చాలా ఉన్నాయి. పసుపు, కుంకుమ, బియ్యపు పిండి, ఆకుపొడి, బొగ్గుపొడి వంటి రంగులతో నేలమీద అమ్మవారి పట్నము వేయడం, అమ్మవారిని పిలవడం, బోనాలను, సాకను అందించడం, బలి ఉన్నచోట గావు పట్టడం ఇందులోనివి. వీటన్నిటికి జమిడిక తోడుగా ఉంటుంది. పట్నము వేసేటప్పుడు, అమ్మవారు ఎవరిమీదనైనా పూనినప్పుడు, పూనకము దిగేటప్పుడు వాయించే మీటులు వేరువేరు. కాబట్టి వాద్యకారుడు సంగీతము తెలిసినవాడైతే చాలదు, తంతు కూడా తెలిసినవాడై ఉండాలి.

ఈ వృత్తిలో ఒక వైరుధ్యము ఉంది. ఊరికి వాన రాకపోతే, పిల్లలకు అమ్మవారు పోస్తే, పశువులకు రోగము వస్తే ఊరంతా కలిసి బైండ్లవారిని పిలిపించేది. పట్నము మీద కూర్చున్నంతసేపు వారి మాట అమ్మవారి మాటగా చెల్లేది. కొలుపు ముగిసిన తరువాత అదే మనిషి ఊరి చివరి వాడకు వెళ్ళిపోవలసి వచ్చేది. జమిడిక పాటల వెనుక ఉన్న ఈ సామాజిక స్థితిని వదిలిపెట్టి కేవలము సంగీతాన్ని గురించి మాట్లాడడం అసంపూర్ణమే అవుతుంది.

ఎల్లమ్మ కథ

జమిడికపై పాడే కథలలో ముఖ్యమైనది రేణుకా ఎల్లమ్మ కథ. మహాభారతంలోని అరణ్యపర్వంలో జమదగ్ని, రేణుక, పరశురాముల వృత్తాంతము ఉంది. రాజైన చిత్రరథుని చూసి రేణుక మనసు చలించిందని జమదగ్ని కోపించి ఆమెను చంపమని కొడుకులను ఆజ్ఞాపించడం, నలుగురు నిరాకరించగా పరశురాముడు తల్లి తల నరకడం, తరువాత తండ్రి ఇచ్చిన వరముతో ఆమెను బ్రతికించుకొనడం ఆ కథ.

బైండ్లవారి కథ ఇంతటితో ఆగదు, ఇక్కడ మొదలు కూడా కాదు. వారి కథలో ఎల్లమ్మ పుట్టలో పుట్టిన తల్లి. ఇసుకతో కుండ చేసి, పామును చుట్టకుదురుగా చుట్టి నీళ్ళు తెచ్చే మహిమ కలది. ఆ మహిమ పోయి, కొడుకు గొడ్డలి తనమీదికి వచ్చినప్పుడు ఆమె పారిపోయి మాదిగ ఇంటిలో తోళ్ళు ఊనవేసే లందలో దాక్కొంటుంది. తెలంగాణ పల్లెలలో ఈ ఘట్టము చాలా ప్రసిద్ధము. తల నరికేటప్పుడు అడ్డువచ్చిన మాదిగ స్త్రీ తల కూడా తెగి, బ్రతికించేటప్పుడు తలలు తారుమారయ్యాయని, అందువలననే ఎల్లమ్మ, మాతంగి అని ఇద్దరు అమ్మవార్లు కొలువబడుతున్నారని మరొక ఘట్టము చెబుతుంది.

ఇతిహాసములో లేని ఈ రెండు ఘట్టాలు ఈ కథకు ప్రాణము వంటివి. ఎవరిని తాకరాదని ఊరు అనుకొన్నదో వారి ఇల్లే దేవతకు దిక్కయింది. ఎవరి నీడ పడరాదనుకొన్నదో వారి తలే దేవత మెడమీద నిలిచింది. పాడేవారు ఆ కులాలకు చెందినవారే. వినేవారిలో అన్ని కులాలవారు ఉంటారు. లంద ఘట్టము వచ్చినప్పుడు కథకుడు నిదానించి, జమిడిక మీటులను పలచన చేసి, తల్లి దాక్కొన్న చోటును ఒక్కొక్క వివరంగా వర్ణిస్తాడు. వందల ఏళ్ళుగా ఊరి నడిబొడ్డున, ఊరి ఖర్చుతో ఈ మాట చెప్పగలగడం చిన్న విషయము కాదు.

కథా ప్రదర్శనలో ప్రధాన కథకుడు, వంతపాడే ఒకరిద్దరు ఉంటారు. వాద్యాలు జమిడిక, తాళాలు. ప్రధాన కథకుడు ఒక చరణము పాడగా వంతలు పల్లవిని అందుకొంటారు, మధ్యలో వచనము నడుస్తుంది, వంతలలో ఒకరు అడ్డు ప్రశ్నలు వేసి హాస్యము పుట్టిస్తారు. కథ రాత్రి భోజనాల తరువాత మొదలై తెల్లవారేదాకా నడుస్తుంది. పెద్ద కొలుపులలో కొన్ని రాత్రుల పాటు సాగుతుంది.

ఎల్లమ్మ ఆరాధనకు సంబంధించి చెప్పవలసిన మరొక విషయము జోగిని ఆచారము. ఎల్లమ్మ, పోచమ్మ వంటి దేవతల పేరుతో దళిత బాలికలను అంకితము చేసే ఈ దురాచారము నిజామాబాదు, కరీంనగర్, మహబూబ్‌నగర్ మొదలైన జిల్లాలలో ఉండేది. 1988లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము చట్టము ద్వారా దీనిని నిషేధించింది. హేమలతా లవణం, లవణం దంపతులు నిజామాబాదు ప్రాంతంలో జోగినుల పునరావాసానికి కృషి చేశారు.

కరీంనగర్ ప్రాంతంలో

కరీంనగర్ ప్రాంతంలో ఎల్లమ్మను ప్రధానంగా కొలిచేవారు గౌడులు. కల్లు గీత వీరి వృత్తి, ఎల్లమ్మ వీరి కులదైవము. తాటివనము మీద, చెట్టెక్కే మనిషి మీద అమ్మవారి చల్లని చూపు ఉండాలని పట్నాలు వేయించి, మొదటి కల్లు సాకగా పోసి, కథ చెప్పిస్తారు. ఈ విధంగా గౌడుల ఆదరణ జమిడికకు ఒక ముఖ్యమైన ఆధారంగా నిలిచింది. పూర్వము కరీంనగర్ జిల్లాలో ఉండి 2016 జిల్లాల పునర్విభజనలో సిద్దిపేట జిల్లాలో చేరిన హుస్నాబాదులో రేణుకా ఎల్లమ్మ ఆలయము, ఎల్లమ్మ చెరువు ఉన్నాయి. అక్కడి జాతరకు చుట్టుపక్కల మండలాలనుండి భక్తులు వస్తారు.

ఎల్లమ్మ కథను బైండ్లవారు మాత్రమే కాక ఒగ్గు కథకులు కూడా చెబుతారు. కాని వారి వాద్యాలు వేరు. ఒగ్గువారికి డమరుకము వంటి ఒగ్గు, డోలు, తాళాలు ఉంటాయి, వారి ముఖ్య దైవాలు మల్లన్న, బీరప్ప. వేములవాడ ప్రాంతానికి చెందిన మిద్దె రాములు ఒగ్గు కథను వేదికలకు ఎక్కించి పేరు పొందాడు. డోళ్ళ ఉధృతితో సాగే ఒగ్గు కథ వేలమంది ముందు రక్తి కడుతుంది. జమిడిక నాదము చిన్నది, దగ్గర కూర్చున్నవారికి మాత్రమే దాని జారుడు స్వరాలు స్పష్టంగా వినిపిస్తాయి. వేదికల కాలంలో ఒగ్గు ముందుకు రావడానికి, జమిడిక వెనుకబడడానికి ఇది ఒక కారణమని చెప్పవచ్చు.

ఈ ప్రాంతంలో మీటి వాయించే ఇతర వాద్యాలు కూడా ఉన్నాయి. శారదకాండ్రు, బుడిగ జంగాలు కథ చెప్పేటప్పుడు వాడే తంబుర వంటి వాద్యాన్ని శారద అంటారు, ఆ కథలకు శారద కథలనే పేరు దానినుండే వచ్చింది. సిరిసిల్లకు చెందిన వేణు యెల్దండి దర్శకత్వంలో 2023లో విడుదలైన బలగం చలనచిత్రము చివరి ఘట్టములో బుడిగ జంగాల కథాగానము ఉంది. చావు ఇంటి ముందు పాడే ఆ పాట వలన ఈ సంప్రదాయము ఒకటి ఉన్నదని పట్టణ ప్రేక్షకులు చాలామందికి తెలిసింది. సొరకాయ బుర్రలు, మెట్లు కల కిన్నెర డక్కలివారి వాద్యము. నాగర్‌కర్నూలు జిల్లాకు చెందిన కిన్నెర వాద్యకారుడు దర్శనం మొగిలయ్యకు 2022లో, నారాయణపేట జిల్లాకు చెందిన బుర్రవీణ వాద్యకారుడు దాసరి కొండప్పకు 2024లో పద్మశ్రీ పురస్కారము లభించింది. జమిడికకు అంతటి ప్రచారము లభించలేదు.

ఆదిలాబాదులో: కిక్రి

గోదావరి దాటి ఆదిలాబాదు అడవులలోనికి వెళితే కథ చెప్పే వాద్యము మారిపోతుంది. రాజగోండుల వంశ చరిత్రలను, దేవతా కథలను పాడేవారు పర్ధానులు. వారి వాద్యము కిక్రి. ఇది మూడు తంతులు కలిగి, గుర్రపు వెంట్రుకల కమానుతో వాయించేది. కాబట్టి ఇది మీటు వాద్యము కాదు. ఆదిలాబాదులోనే ఉన్న తోటి తెగవారు కూడా గోండులకు కథలు పాడే వృత్తి కలవారే.

వాద్యాలు వేరైనా వృత్తి ఏర్పాటు దాదాపు ఒకటే. బైండ్లవారికి గ్రామము, కులము దాతలైనట్లు పర్ధానుకు గోండు కుటుంబాలు దాతలు. పర్ధాను తన దాతల వంశ కథను పాడితే వారు ధాన్యము, పశువు, బట్టలు ఇచ్చేవారు. ఆదిలాబాదు పర్ధానుల ఇంటి భాష మరాఠీ, కాని వారు పాడేది గోండీలో. 1940లో జోడెఘాట్ వద్ద కుమురం భీం మరణించిన తరువాత నిజాము ప్రభుత్వము ఆ ప్రాంతానికి పంపిన మానవశాస్త్రవేత్త క్రిస్టాఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ మార్లవాయి గ్రామంలో నివసించి పర్ధానుల నోట ఈ కథలను విన్నాడు. వాటిని 1948లో ప్రచురించిన ఆదిలాబాదు రాజగోండుల గ్రంథంలో పొందుపరిచాడు. ఇంద్రవెల్లి మండలంలోని కేస్లాపూర్‌లో పుష్య అమావాస్యనాడు మెస్రం వంశస్థులు ప్రారంభించే నాగోబా జాతరలో పర్ధానుల పాత్ర ఉంది.

జమిడిక విషయంలో హైమన్‌డార్ఫ్ వంటి శ్రోత దొరకలేదు. బిరుదురాజు రామరాజు తెలుగు జానపద గేయ సాహిత్యంపై ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చేసిన పరిశోధనతో తెలంగాణలో జానపద విజ్ఞానానికి దారి ఏర్పడింది. తరువాత తెలుగు విశ్వవిద్యాలయపు జానపద గిరిజన విజ్ఞాన పీఠము వరంగల్లులో పనిచేస్తూ కళారూపాలను నమోదు చేసింది. ఆచార్య జయధీర్ తిరుమలరావు, ఆచార్య గూడూరు మనోజ తెలంగాణ జానపద, గిరిజన వాద్యాలను సేకరించి ప్రదర్శించారు. ఈ కృషిలో పాఠానికి, వస్తువుకు దక్కినంత స్థానము మీటుల పద్ధతికి, స్వరాల జారుడుకు దక్కలేదు. కథను అక్షరాలలో పెట్టవచ్చు, పిడి లాగే ఎడమచేతిని అక్షరాలలో పెట్టడం కష్టము.

సంబంధిత వాద్యాలు

జమిడిక జాతి వాద్యాలు భారతదేశంలో పలుచోట్ల ఉన్నాయి.

కర్ణాటక, మహారాష్ట్రలలో చౌడికె లేక చౌండకే అనే వాద్యము ఎల్లమ్మ ఆరాధనలోనే వాడబడుతుంది. బెళగావి జిల్లాలోని సవదత్తి ఎల్లమ్మ గుట్టకు వెళ్ళే జోగతులు, జోగప్పలు దీనిని వాయిస్తారు. పరశురాముడు బెట్టాసురుడనే రాక్షసుని చంపి వాని శరీర భాగాలతో ఈ వాద్యాన్ని చేసి తల్లి ముందు వాయించాడని అక్కడి కథ. ఒకే దేవత, ఒకే రకపు వాద్యము మూడు రాష్ట్రాలలో కలిసి కనిపించడం గమనించదగినది.

ఉత్తరాంధ్ర జముకుల కథను గురించి పైన చెప్పబడినది. 1960ల చివరలో శ్రీకాకుళ ఉద్యమ కాలంలో కవి సుబ్బారావు పాణిగ్రాహి ఈ రూపాన్ని రాజకీయ ప్రచారానికి వాడుకొన్నాడు. బెంగాలులో బావులు వాయించే ఆనందలహరికి ఖమక్ అని మరో పేరు. రాజస్థానులోని అల్వర్ ప్రాంతపు మేవాతీ గాయకుల భపంగ్ కూడా ఇదే విధంగా చంకలో పెట్టి వాయించేది. మహారాష్ట్ర తమాషాలలో, పోవాడాలలో వినిపించే తుణతుణే కూడా చర్మము మధ్యనుండి తీగ కలదే, కాని దాని తీగ పక్కనున్న కర్రకు బిరడాతో బిగించబడి ఉంటుంది కాబట్టి శ్రుతి జారదు.

దూరదేశంలోనివైనా పోల్చదగినది జపాను షమిసెన్. అది మూడు తంతులు, చర్మపు మూత కలిగిన మీటు వాద్యము. దాని పెద్ద మీటుపలక తంతిని, చర్మాన్ని ఒకేసారి తాకుతుంది కాబట్టి స్వరముతోపాటు డోలు దెబ్బ వంటి ధ్వని కూడా వస్తుంది. ఉత్తర జపానులోని త్సుగారు ప్రాంతంలో ఇల్లిల్లూ తిరిగి వాయించి బియ్యము అడుక్కొనే అంధ వాద్యకారులు ఒక జోరైన శైలిని రూపొందించారు. వారిని ఊళ్ళో చిన్నచూపు చూసేవారు. అలా తిరిగినవారిలో ఒకడైన తకహషి చికుజన్ (1910–1998) తరువాత కచేరీ వేదికలమీద కూర్చొన్నాడు. ఆ సంగీతము ఇప్పుడు ఆ ప్రాంతానికి గర్వకారణంగా చెప్పబడుతున్నది. అయితే షమిసెన్ పాట నుండి విడివడి ఒంటరిగా వాయించదగిన సంగీతంగా మారగలిగింది. జమిడిక కథనుండి విడివడలేదు.

ప్రస్తుత స్థితి

2014లో తెలంగాణ రాష్ట్రము ఏర్పడిన తరువాత బోనాలు రాష్ట్ర పండుగగా ప్రకటించబడినవి. గ్రామదేవతల ఆరాధనకు ప్రచారము, ఆదరణ పెరిగాయి. దానితోపాటు జమిడికకు కూడా ఆదరణ పెరిగిందని అనుకోవడానికి వీలులేదు. ఊరేగింపులలో డప్పులు, బ్యాండు, పెద్ద ధ్వనివర్ధకాలలో పాటలు వినిపించేచోట చంకలోని చిన్న వాద్యానికి చోటు తగ్గింది. పట్నము వేసి గావు పట్టేవరకు బైండ్లవారిని పిలిచి, రాత్రంతా చెప్పవలసిన కథను గంటలోపల ముగించమనే ఇండ్లు పెరిగాయి. కథ తగ్గితే వాద్యానికి పని తగ్గుతుంది, పని తగ్గితే చేయి తప్పుతుంది.

బైండ్ల కుటుంబాలలో చదువుకొన్న యువకులు ఈ వృత్తినుండి దూరమవుతున్నారు. ఇందులో వారిని తప్పుపట్టడానికి ఏమీ లేదు. కులవృత్తితోపాటు వచ్చే చిన్నచూపును కూడా వారు వదిలించుకొంటున్నారు. వాద్యాన్ని నిలుపుకోవాలని కోరేవారు వాద్యకారుని గౌరవాన్ని గురించి, ఆదాయాన్ని గురించి కూడా మాట్లాడవలసి ఉంటుంది. కొందరు వృద్ధ కళాకారులు పాడిన ఎల్లమ్మ కథా ఖండాలు ధ్వని, దృశ్య ముద్రికలుగా అంతర్జాలంలో లభిస్తున్నాయి. వాటిలో చాలావరకు కెమెరా కథకుని ముఖము మీద ఉంటుంది. పిడి పట్టిన ఎడమచేయి చట్రానికి బయట ఉంటుంది.